అరవై అయిదు గడులు వెనక్కి

112వ రోజు

పొద్దున్నే ఎండ నుంచి కరెంటు తీసే పలకల మీద దుమ్ము తుడిచాను. నాలుగు పలకలకు ఒక చెంబు నీళ్లు ఇస్తారు. ముప్పావు చెంబుతో సరిపెట్టి మిగిలింది తాగేశాను. ఈ దినచర్య పుస్తకం ఊళ్లో ఎవరైనా తీసి చదవొచ్చని రూలు ఉంది కదా, చదువుకోండి. దాహం వేసింది, తాగాను.

ఇవాళ విత్తన పరీక్ష మొదలుపెట్టాం. మా ఊరు ఎర్రగట్టులో ఉన్నది ఏడు మూటల వేరుశనగ. ఒక్క వానకే పండే రకం, ఇంకెక్కడా మిగల్లేదు. మద్దమ్మవ్వ వాటిని పాతరలో పెట్టి ఏడాదంతా కాపలా కాస్తుంది. ఒక్కో మూట నుంచి అరవై నాలుగు గింజలు తీసి, పళ్లెంలో ఎనిమిది వరుసలుగా పేర్చి, ఊదా దీపం కింద కన్ను అనే మా యంత్రానికి చూపిస్తాం. విషపు బూజు మన కళ్లకు కనబడదు. ఆ దీపం వెలుగులో కన్నుకు మాత్రం మెరుపుగా కనబడుతుంది. మూడు గింజల దాకా మెరిస్తే మూట మంచిదే. నాలుగు మెరిస్తే, విత్తాక బూజు పంటకూ పాకుతుందని, ఆ మూట మంటగుంటలోకి పోవాలి.

ఈ ఏడాది కొత్త పళ్లెం. పాత మట్టి పళ్లెం ఎండాకాలంలో పగిలింది, చేసిన కుమ్మరి ఎప్పుడో పోయాడు. నేనే రేకు కత్తిరించి, గీతలు గీసి, అంకెలు వేసి కొత్తది చేశాను. తేలిగ్గా ఉంటుంది, గింజలు ఒకదానికొకటి ఆనుకుని బుద్ధిగా కూర్చుంటాయి. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

మొదటి మూట: ఇరవై రెండు. రెండోది: ముప్పై ఒకటి. మూడోది: ఇరవై ఆరు. ఏడూ అంతే. ఒక్కటి కూడా గట్టెక్కలేదు.

మద్దమ్మవ్వ నా మొహంలోకి చూసింది. "ఏం మ్మే చౌడీ, నా పాతరలో నీళ్లు దూరలా, ఎలక దూరలా. బూజు యాడి నుంచి వచ్చె?"

మంటగుంట చూసుకునే ఎర్రిస్వామి అప్పటికే మూడో మూటను భుజానికి ఎత్తుకున్నాడు. పన్నెండేళ్ల కింద, మేం మచ్చ ఏడని పిలుచుకునే ఏట, బూజు గింజలు తిని పద్దెనిమిది మంది కళ్లు పచ్చబడి, కడుపులుబ్బి పోయారు. వాళ్లలో ఆయన భార్య జయమ్మ ఉంది. కన్ను వచ్చింది ఆ తర్వాతే.

"ఏడు దినాల గడువుండాది. నూటా పంతొమ్మిదో దినం పొద్దున కాలుస్తా" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఎదురు చెప్పలేకపోయాను.

విత్తనం కాలిపోతే ఊరు ఉండదు. పక్క ఊళ్లు మమ్మల్ని ఇద్దరిద్దరిగా, ముగ్గురు ముగ్గురిగా పంచుకుంటాయి. నూటనలభై మందిమి.

113వ రోజు

బయటి నుంచి వచ్చినవాళ్లు మా కన్నును చూసి నవ్వుతారు. పైన ఒక గాజు బిళ్ల, కింద నల్ల డబ్బా. ఆ డబ్బా ఒకప్పుడు అడిగినవాటికీ అడగనివాటికీ జవాబులు చెప్పేదట. ఇప్పుడు దాన్ని అలా నడపనివ్వరు. దాని లోపల ఒక చిన్న యంత్రం ఉన్నట్టు నటింపజేస్తాం. ఆ లేని యంత్రానికి ఒక్కో అంకె పట్టే ఎనిమిది గూళ్లు, ఒక్క బొమ్మ పట్టే చోటు, పదకొండు మాటలు. ఎత్తు, కలుపు, పోల్చు, దూకు, రాయి, ఇలాంటివి. ఆ పదకొండు మాటలతోనే రాత రాసి దానికి పని చెప్పాలి. బొమ్మ అంటే కూడా పెద్దగా ఊహించుకోకండి. అరవై నాలుగు గడులు అడ్డం, అరవై నాలుగు నిలువు, గడికొక అంకె.

శాసనాలు రెండు. మొదటిది: ఒక మనిషి ఊరి ముందు నిలబడి మొదటి నుంచి చివరిదాకా చదవగలిగిన రాతే యంత్రంలో నడవాలి. రెండోది: ఏ యంత్రంలోనూ ఒకేసారి రెండు బొమ్మలు ఉండకూడదు. పెద్ద కళ్ల కాలంలో వీధికో కన్ను ఉండి, నిన్నటి మొహాన్నీ ఇవాళ్టి మొహాన్నీ పక్కపక్కన పెట్టి, ఎవరెక్కడ తిరిగారో చెప్పేసేదట. ఆ భయంతో పెట్టుకున్న శాసనం అది. నాకూ ఆ భయం ఉంది.

మా గింజల రాత నలభై ఒక్క వరుసలు. రాసింది మా ఖాదర్ సారు. ఆయన పోయాక పదకొండేళ్లుగా ఏటా పరీక్షకు ముందు నేనే ఊరి ముందు చదువుతున్నాను. ఒక్కో వరుసకీ జనం "విన్నాం" అంటారు. ఈ ఏడాదీ అన్నారు. ఇరవయ్యో వరుస దాటాక ఆవలింతల మధ్య నుంచి అంటారు, అది వేరే సంగతి.

ఇవాళంతా ఆ నలభై ఒక్క వరుసలూ మళ్లీ చదివాను. తప్పేమీ కనబడలేదు. సారు చేతిరాత మాత్రం ముత్యాల్లా ఉంది.

114వ రోజు

వరుసలు చదివి లాభం లేదని, కన్ను చెడ్డవన్న గింజల అంకెలు ముందు వేసుకుని కూర్చున్నాను. మూడో మూట తీసుకుంటే: 19, 20, 21, 22, 27, 28, 29, 30, 36, 37, ఇలా పోతోంది. 19కి ముందు ఒక్కటీ లేదు. పళ్లెంలో చూస్తే అవన్నీ 19కి కుడివైపో, కిందో ఉన్నాయి. మొదటి మూటలోనూ అంతే. ఒక గింజ దగ్గర మొదలై, కుడికీ కిందికీ పాకి, పళ్లెం చివరిదాకా పోతుంది. నిజం బూజు దిక్కు చూసుకుని పాకదు.

మధ్యాహ్నం దుమ్ముగాలి లేచింది. తలుపులకు తడిగుడ్డలు కట్టుకుని లోపలే కూర్చున్నాం. నాకు మాత్రం ఒంట్లో ఎక్కడో చిన్న ఆశ పుట్టింది.

115వ రోజు

మూడో మూట గింజలను కదపకుండా, పళ్లేన్ని అలాగే తలకిందుల దిక్కుకు తిప్పి కన్ను కింద పెట్టాను. రేకు మీద గీసిన అంకెల ప్రకారం ఈసారి చెడ్డవి: 19, 18, 17, 11, 10, 9, 2, 1. నిన్న చెడ్డదన్న ఇరవయ్యో గింజ ఇవాళ మంచిదైపోయింది. నిన్న మంచిదన్న పద్దెనిమిదోది చెడిపోయింది. రెండు లెక్కల్లోనూ ఉన్నది 19 ఒక్కటే.

చెడ్డ గింజ ఒక్కటే! లేచి గదిలో రెండు చుట్లు తిరిగాను. తర్వాత ఇరవై ఏడో వరుస దగ్గర కూర్చున్నాను, కూర్చున్నాక లేవలేకపోయాను.

గాజు మీద దుమ్ము వల్ల బూజు మెరుపు తునకలు తునకలుగా కనబడుతుంది. వాటిని అతికించడానికి సారు ఒక ఉపాయం పెట్టారు. ప్రతి గడీ తన చుట్టూ ఉన్న ఎనిమిది గడులను అడుగుతుంది. తాను నల్లగా లేకుండా ఉండి, చుట్టూ ముగ్గురు "మాకు మెరుపుంది" అంటే తానూ మెరుస్తుంది. ఉపాయం మంచిదే. కాని రెండో బొమ్మ పెట్టుకోకూడదు కాబట్టి, జవాబును అదే బొమ్మలో, అదే గడిలో రాసేయాలి. ఇరవై ఏడో వరుస అదే: "రాయి, ఇక్కడే." అప్పుడు ఏమవుతుంది? ఇప్పుడే వెలిగిన గడి, పక్క గడి అడిగితే తానూ సాక్ష్యం చెబుతుంది. పుకారు విన్నవాడు కళ్లారా చూసినట్టు పక్కింట్లో చెప్పడం లాంటిదే. అలా ఒకరి నుంచి ఒకరికి పాకి ఊరంతా చెడ్డదైపోతుంది.

మరి పదకొండేళ్లు ఎందుకు తెలియలేదు? పాత పళ్లెంలో ఒక్కో గింజకూ ఒక్కో గుంట, చుట్టూ నల్లమట్టి గట్టు ఉండేది. నలుపు దగ్గర పుకారు ఆగిపోయేది. "గట్లెందుకు, చోటు దండగ" అని రేకు పళ్లెం చేసింది నేను. ఊదా వెలుగులో రేకు కూడా గింజలాగే బూడిద రంగులో కనబడుతుంది.

అంటే ఊరి విత్తనాన్ని మంటగుంట అంచుకు తెచ్చింది నేనే. ఇది రాయడానికి చెయ్యి రాలేదు. రాశాను.

116వ రోజు

ఎర్రిస్వామి దగ్గరికి పోయి అంతా చెప్పాను, పళ్లెం తిప్పి కూడా చూపించాను. తిట్టలేదు. గింజను పట్టుకున్నట్టు మాటను పట్టుకుని అన్ని వైపులా చూస్తాడాయన.

"రేకుకు మసి పూసి గట్లు గీస్తానన్నా, సరిపోతుంది" అన్నాను.

"పళ్లెం బాగుంటే నిజం, లేకుంటే అబద్ధం. అట్లాంటి కన్ను నాకొద్దుమ్మా. రాత తప్పని నువ్వే చెప్తాండావు. తప్పు రాతను నమ్మి విత్తనం ఎట్ల విత్తమంటావు? రాత సరిజేసి ఊరి ముందర చదువు, ఇంటా. లేకుంటే ఏడో దినం కాలుస్తా."

నాకు ఒళ్లు మండింది. ఇంటికొచ్చి తలుపు గట్టిగా వేశాను కూడా. అయినా ఆయన అన్నది తప్పు కాదు.

అంతకుముందు, నేను వచ్చేస్తుంటే వెనక నుంచి పిలిచాడు. "చౌడమ్మా, ఇంగొకటి. ఇన్నేండ్లలో ఈ తప్పు వల్ల చెడ్డ గింజను మంచిదని వదిలిండాదా?"

అది ఆయన అడిగిన ప్రశ్న కాదు, మోస్తున్న ప్రశ్న. అక్కడే నేల మీద గడులు గీసి లెక్కవేసి చూశాను. వెలిగినదాన్ని ఆర్పే వరుస ఆ రాతలో ఎక్కడా లేదు.

"లేదన్నా. ఇది లేని మెరుపును చూస్తుంది గానీ, ఉన్న మెరుపును దాచదు."

ఆయన గోడకు ఆనుకుని పెద్దగా ఊపిరి వదిలాడు. నాకూ కాస్త తేలికైంది.

117వ రోజు

రెండో బొమ్మ పెట్టుకుంటే ఐదు నిమిషాల పని. శాసనం ఒప్పుకోదు. ఒక వరుస గడులను పక్కన దాచుకుందామంటే ఉన్నవి ఎనిమిది గూళ్లు, వరుసకు అరవై నాలుగు గడులు. పొద్దుట నుంచి పదమూడు కాగితాలు పాడుచేశాను. ఊళ్లో కాగితం ఎంత కరువో తెలిసీ చేశాను.

తల వేడెక్కి పాతర వైపు పోయాను. ఖాళీ పాతర నేలను మద్దమ్మవ్వ ఎర్రమట్టితో అలుకుతోంది.

"మూటలే లేకుంటే ఎందుకవ్వా ఇది?"

"ఖాళీ జేసి పోయేటప్పుడు మురికిగా పెట్టి పోతే సిగ్గు గాదా?" అంది తలెత్తకుండా.

మెట్టు మీద కూర్చుని ఆమెనే చూశాను. గొంతుక్కూర్చుని, చెయ్యి తిప్పుతూ, వెనక్కి వెనక్కి జరుగుతోంది. సహాయం చేద్దామని నేను లోపల కాలు పెట్టబోతే అరిచింది.

"తొక్కొద్దు మ్మే! ఇంగ కాలు పెట్టే పని లేని చోటే అలకల్ల. నిలబడిన చోటే అలికితే ఎట్ల?"

నిలబడిన చోటే. సారు రాత చేస్తున్నది అదే. నిలబడిన గడిలోనే తడి జవాబు రాసి, తర్వాతి అడుగు దాని మీదే వేస్తోంది. మరి ఏ గడితో ఇంక పని ఉండదు? నేల మీద పుల్లతో తొమ్మిది గడులు గీశాను. నడక ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి. నేను నిలబడిన గడికి ఒక వరుస పైన, ఒక గడి ఎడమన ఉన్నది ఉంది చూశారూ, దాన్ని చివరిసారి అడిగేది నేనే. నా తర్వాత దాన్ని ఎవరూ అడగరు. జవాబు అక్కడ రాస్తే ఎవరి సాక్ష్యమూ చెడదు. రెండో బొమ్మ అక్కర్లేదు. వరుస వెనక్కి అరవై నాలుగు, గడి వెనక్కి ఒకటి. అరవై అయిదు.

అవ్వను వాటేసుకున్నాను. మట్టి చేతులు గాల్లోకి ఎత్తి "పిచ్చి ముండా, అలికిందంతా తొక్కితివి గదే!" అని తిట్టింది. నిజమే, తొక్కాను. తర్వాత ఇద్దరం కలిసి మళ్లీ అలికాం.

118వ రోజు

ఇరవై ఏడో వరుస మార్చాను. "రాయి, అరవై అయిదు వెనక." నడిపాను. మూడో మూట: మూడు చెడ్డవి. 10, 11, 19.

ఒకటి రావాల్సిన చోట మూడెందుకు? సగం పూట పోయాక తట్టింది. జవాబులన్నీ ఒక గడి పైకీ ఎడమకూ రాస్తున్నాం, అంటే బొమ్మంతా ఒక గడి జరిగింది. గింజలను లెక్కపెట్టే ముప్పై మూడో వరుస మాత్రం పాత చోటు నుంచే లెక్క మొదలుపెడుతోంది. పంతొమ్మిదో గింజ మెరుపు అంచు దాటి పక్క గింజల ఖాతాలో పడుతోంది. ఇల్లు మారి, ఉత్తరాలు మాత్రం పాత ఇంటికి రావాలనుకోవడంలా ఉంది నా తెలివి.

అదీ అరవై అయిదు వెనక్కి జరిపాను. మూడో మూట: 19. పళ్లెం తిప్పాను: 19. మళ్లీ తిప్పాను. నాలుగుసార్లు తిప్పాను, ఒక్క 19. ఇక మిగిలిన మూటలను ముట్టుకోలేదు. అవి ఊరి ముందే తేలాలి.

119వ రోజు

పొద్దున కొట్టం కింద అందరూ చేరారు. ఏడు మూటలూ మంటగుంట అంచున వరుసగా ఉన్నాయి. ఎర్రిస్వామి వాటి పక్కనే నిలబడ్డాడు. పళ్లెం సంగతి ముందే చెప్పేశాను, తప్పు నాదని. గుసగుసలు లేచాయి, సర్దుకున్నాయి.

చదవడం మొదలుపెట్టాను. "ఒకటో వరుస." "విన్నాం." "రెండో వరుస." "విన్నాం." అలవాటైన రాగంలో పోతోంది. ఇరవై ఏడు దగ్గర "రాయి, అరవై అయిదు వెనక" అన్నాను. జనం నోరు తెరవబోయారు.

"ఆగు" అంది మద్దమ్మవ్వ. "అరవై అయిదే ఎందుకు?"

పదకొండేళ్లలో ఇలా ఎవరూ అడగలేదు. తొమ్మిది మందిని పిలిచి మూడు వరుసల్లో నిలబెట్టాను. పుకారు ఎలా పాకుతుందో ఆడించి చూపించాను. పాతర అలికిన సంగతీ చెప్పాను. అవ్వ "ఓస్, అంతేనా" అంది. జనం నవ్వారు. ఎర్రిస్వామి నవ్వలేదు.

"అయితే ఇన్నేండ్లూ మేము విన్నాం, విన్నాం అంటా ఏం విన్నట్టు?"

"నేను చదివింది విన్నారన్నా. నేనేమో సారు రాసింది చదివాను" అన్నాను. సిగ్గుగా ఉంది, ఇంకేం చెప్పను?

నలభై ఒకటీ అయ్యాయి. మూటలు ఒక్కొక్కటే తెచ్చి, గింజలు పేర్చి, కన్ను కింద పెట్టాం. ప్రతి పళ్లేన్నీ రెండు దిక్కులా చూపించమని ఎర్రిస్వామి పట్టుబట్టాడు. చూపించాను. ఒకటి. రెండు. ఒకటి. రెండు. ఐదో మూట దగ్గర ఏడు. తిప్పినా ఏడే, అవే అంకెలు. ఆరోది రెండు. ఏడోది ఒకటి.

ఐదో మూట నిజంగానే చెడ్డది. ఎర్రిస్వామి దాన్ని గుంటలో దించి నిప్పు పెట్టాడు. మద్దమ్మవ్వ ఆ పొగను చూస్తూ కళ్లు తుడుచుకుంది, మళ్లీ మిగిలిన ఆరింటి వైపు చూసి ఇంకోసారి తుడుచుకుంది. మూడో మూటను ఎర్రిస్వామే భుజానికెత్తుకుని పాతరకు తీసుకుపోయాడు. గడప దగ్గర ఆగి, చెప్పులు విడిచి, అలికిన నేల మీద పక్కగా అడుగేశాడు.

ఇంటికొచ్చి, అన్నం కూడా తినకుండా పడుకున్నాను. ఏడు రోజుల తర్వాత నిద్ర పట్టింది.

120వ రోజు

రాతను శుభ్రంగా తిరిగి రాశాను. చివర్లో "రాసింది" అని ఒక గీత ఉంటుంది. ఖాదర్ సారు పేరు కింద నా పేరు పెట్టాను. దాని కింద కొత్తగా ఇంకో గీత గీసి "అడిగింది: మద్దమ్మ" అని రాశాను. ఇకమీదట ఆ గీత ఖాళీగా ఉన్న రాత ఏదీ కన్నులో నడవకూడదని కొట్టం కింద ఒప్పుకున్నారు.

ఆ పేరు చూసినప్పటి నుంచి ఎర్రిస్వామికి కుదురు లేదు. గంటకో వరుస పట్టుకొచ్చి ఎందుకని అడుగుతున్నాడు. నేను పలకలు తుడుస్తుంటే నిచ్చెన కింద నిలబడి అడుగుతున్నాడు.

126వ రోజు

వాన. పెట్టెలూ, బిందెలూ, పగిలిన మట్టి పళ్లెం ముక్కలూ, ఏది దొరికితే అది బయట పెట్టాం. సాయంత్రానికల్లా ఆరు మూటలూ నేలలో పడ్డాయి.

134వ రోజు

మొలకలు వచ్చాయి. చేను అంచున ఎర్రిస్వామి కూర్చుని ఉంటే పోయి పక్కన కూర్చున్నాను.

"ఈ సాళ్లు ఏ మూటవి మ్మా?"

"మూడోది."

ఒక మొలక మీద మట్టిపెళ్ల పడి ఉంది. ఒంగి, రెండు వేళ్లతో తీసి పక్కన పెట్టాడు. "నా భుజం మీదనే పోయిండె, కాలను" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. ఆయన చూడనట్టు కూర్చున్నాడు, నేను ముక్కు తుడుచుకునేదాకా ఆగాడు.

"సరే గానీ, పద్నాలుగో వరస. చుట్టూ ముగ్గురు చెప్పల్ల అంటివి గదా. ముగ్గురే ఎందుకు? ఇద్దరు చెప్తే చాలదా?"

నాకూ తెలియదు. సారును నేనెప్పుడూ అడగలేదు. పుల్ల తీసుకుని తడి నేల మీద తొమ్మిది గడులు గీశాను, ఇద్దరం తలలు వంచి చూడటం మొదలుపెట్టాం.